అమ్మోనియా లీకైతే ముందుగా తెలియవలసింది ఎవరికి?

గుంటూరు: వేసవి ముదిరి మిర్చి యార్డుకు సెలవులు ప్రకటించే నాటికి జిల్లాలోని శీతల గిడ్డంగులు టిక్కీలతో కిక్కిరిసి ఉంటాయి. ధర పలకని రైతు తన సరకును అక్కడ భద్రపరచి, చేతికిచ్చిన రసీదును పెట్టెలో దాచుకొని ఇంటికి వెళతాడు. ఆ రసీదు విలువ గిడ్డంగి గోడల వెంట పాకిన ఇనుప గొట్టాలపై ఆధారపడి ఉంటుందన్న సంగతి అతడికి సాధారణంగా తట్టదు. ఆ గొట్టాలలో ప్రవహించేది అమ్మోనియా. గొట్టం పగిలితే సరకు రంగు, వాసన దెబ్బతినడం రెండో నష్టం. మొదటి నష్టం ఛాంబరులో బస్తాలు మోస్తున్న హమాలీలది, కంప్రెసర్ గదిలో ఒంటరిగా రాత్రి డ్యూటీ చేసే ఆపరేటరుది.

మిర్చి గిడ్డంగులకే కాదు, భీమవరం, కాకినాడ, నెల్లూరు ప్రాంతాల రొయ్యల శుద్ధి కర్మాగారాలకు, తీరం పొడవునా ఉన్న ఐస్ ఫ్యాక్టరీలకు, పాల డెయిరీలకు కూడా అమ్మోనియాయే ఆధారం. చవకైనది, శీతలీకరణ సామర్థ్యం అధికం, ఓజోన్ పొరకు హాని చేయదు. అందుచేతనే ఒకటిన్నర శతాబ్దంగా ఈ రంగంలో దానికి తిరుగులేదు. అయితే 2020 సంవత్సరం రాష్ట్రానికి దాని రెండో ముఖాన్ని చూపింది. ఆ ఏడాది జూన్‌లో నంద్యాలలోని ఒక ఆగ్రో పరిశ్రమలో అమ్మోనియా లీకై ఒక అధికారి మృతి చెందారు. ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలంలోని ఒక డెయిరీలో అదే వాయువు పీల్చి పలువురు మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు.

ఇటువంటి భవనాలలో ఏ గదిలో లీకైనా క్షణాలలో ఒకే చోట తెలిసేలా చేసే ఏర్పాటును కేంద్రీకృత లీకు పర్యవేక్షణ వ్యవస్థ అంటారు. ప్రమాదానికి అవకాశమున్న ప్రతి గదిలో ఒక సెన్సారు ఉంటుంది. వాటన్నిటి తీగలు ఒక ప్యానెల్‌కు చేరతాయి. ఆ ప్యానెల్ నుంచి హారన్లకు, ఎగ్జాస్ట్ ఫ్యానులకు, కంప్రెసర్లకు ఆదేశాలు వెళతాయి. కొనడం, బిగించడం తేలికే. దానిని ఏళ్ల తరబడి ప్రాణంతో ఉంచడమే కష్టం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ కష్టాన్ని గురించే.

ముక్కును నమ్ముకోవచ్చా?

అమ్మోనియాకు ఘాటైన వాసన ఉంది కదా, వేరే యంత్రం ఎందుకన్న ప్రశ్న యజమానుల నుంచి తరచు వినిపిస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు అయిదు పాళ్ల (5 పీపీఎం) ప్రాంతంలోనే చాలామంది ముక్కుకు వాసన అందుతుందన్నది నిజమే. కానీ ఆ ముక్కు త్వరగా అలవాటు పడుతుంది. రోజూ స్వల్పంగా లీకయ్యే గదిలో పనిచేసే ఆపరేటరుకు కొన్నాళ్లకు ఏమీ తెలియదు. మన ఫ్యాక్టరీల చట్టం 8 గంటల పనిలో సగటున 25 పీపీఎంకు, ఏ పదిహేను నిమిషాలలోనైనా 35 పీపీఎంకు మించరాదని నిర్దేశించింది. 300 పీపీఎం వద్ద ప్రాణానికి తక్షణ ముప్పు ఉందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నిర్ధారించింది. గాలిలో 15 నుంచి 28 శాతం వరకు పేరుకుంటే, నిప్పురవ్వ తగిలినంత మాత్రాన పేలుడే. ఈ అంకెలలో ఏ మెట్టు మీద ఉన్నామో ముక్కు చెప్పలేదు. అన్నిటికీ మించి, రాత్రి రెండు గంటలకు ఖాళీ ఛాంబరులో ముక్కే ఉండదు.

మరొక అపోహ కూడా ఉంది. అమ్మోనియా గాలికన్నా తేలికైనది కనుక పైకి పోతుందిలే అనుకుంటారు. ఆవిరిగా కారితే నిజమే. కానీ ద్రవంగా చిమ్మితే అది మైనస్ 33 డిగ్రీల వద్ద మరుగుతూ, గాలిలోని తేమను కలుపుకొని తెల్లని పొగమంచులా నేల వెంట పాకుతుంది. ఒక లీటరు ద్రవం సుమారు 850 లీటర్ల వాయువుగా మారుతుంది. ఒక బకెట్ ద్రవం చాలు, ఒక పెద్ద హాలు ఊపిరి పీల్చలేనిదిగా మారడానికి.

వెనుకటి తరం ఆపరేటర్లు గంధకం పూసిన వత్తిని వెలిగించి గొట్టాల అతుకుల వెంట తిప్పేవారు. లీకు ఉన్నచోట తెల్లని పొగ లేచేది. సబ్బు నురగ, తడిపిన లిట్మస్ కాగితం ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. లీకైన అతుకు కచ్చితంగా ఏదో కనిపెట్టడానికి ఇవి నేటికీ మంచి సాధనాలే. అయితే లీకు ఉందని తెలిసిన తరువాత వెదకడానికే ఇవి పనికివస్తాయి.

సెన్సారు ఎక్కడ, ఏది?

అమ్మోనియాకు ఎక్కువగా వాడేది ఎలక్ట్రోకెమికల్ సెన్సారు. లోపలి రసాయన ద్రావణంతో వాయువు చర్య జరిపినపుడు పుట్టే స్వల్ప విద్యుత్తును ఇది కొలుస్తుంది. 25 పీపీఎం వంటి తక్కువ మోతాదులను చక్కగా పసిగడుతుంది. అయితే దాని ఆయువు రెండు, మూడేళ్లే. ఒకసారి పెద్ద లీకును చవిచూసిన సెన్సారు తరువాత పైకి బాగానే కనిపించినా లోపల నిర్వీర్యమై ఉండవచ్చు. అటువంటి దానిని మార్చివేయడమే శ్రేయస్కరం. సెమీకండక్టర్ సెన్సార్లు చవక, ఆయువు ఎక్కువ. కానీ తేమకు, పెయింటు ఆవిరికి, శుభ్రపరిచే ద్రావణాలకు కూడా అరుస్తాయి. పేలుడు స్థాయి మోతాదులను కొలవడానికి కెటలిటిక్ సెన్సార్లు ఉన్నాయి. కంప్రెసర్ గదిలో తక్కువ మోతాదుకు ఒకటి, ఎక్కువ మోతాదుకు మరొకటి కలిపి పెట్టడం మంచి పద్ధతి.

అన్ని గదుల నుంచి సన్నని గొట్టాలతో గాలిని పంపు ద్వారా లాగి, ఒకే ఇన్‌ఫ్రారెడ్ పరికరంతో పరీక్షించే పద్ధతి కూడా ఉంది. ఒక్క పరికరంతో పని జరుగుతుంది కనుక ఆకర్షణీయంగానే కనిపిస్తుంది. కానీ 16 చోట్ల నుంచి గాలి తీసుకుంటూ ఒక్కో చోటికి ఒక నిమిషం కేటాయిస్తే, ఒకసారి చూసిన గదిని మళ్లీ చూడడానికి 16 నిమిషాలు పడుతుంది. పైగా అమ్మోనియా నీటిలో ఇట్టే కరుగుతుంది. గొట్టంలో చెమ్మ చేరితే వాయువు అక్కడే ఆగిపోయి పరికరానికి అందదు. కనుక ఈ పద్ధతి ఫ్రియాన్ తరగతి వాయువులకు నప్పినట్లుగా అమ్మోనియాకు నప్పదు.

స్థలం ఎంపికలో తొందరపాటు తగదు. కంప్రెసర్ గదిలో పైకప్పుకు దగ్గరగా, కంప్రెసర్ల తలమీద ఒకటి అవసరం. ద్రవాన్ని నిల్వ ఉంచే రిసీవర్, అమ్మోనియా పంపు, ఆయిల్ తీసే వాల్వు ఉన్న చోట్ల మనిషి ముఖం ఎత్తున మరొకటి ఉండాలి. సేఫ్టీ వాల్వుల నుంచి బయటకు వెళ్లే గొట్టంలోనూ ఒకటి పెడితే, ఏ వాల్వు ఎప్పుడు ఊపిరి వదిలిందో తెలుస్తుంది. మన ప్రాంతపు పాత మిర్చి గిడ్డంగులలో కూలింగ్ కాయిల్స్ ఛాంబరు పైభాగాన ఉంటాయి. కింద అంతస్తులలో బస్తాల మధ్య హమాలీలు ఉంటారు. కనుక కాయిల్స్ దగ్గర ఒకటి, కింద తలుపు దగ్గర మరొకటి తప్పనిసరి. ఫ్యాను గాలి సూటిగా తగిలే చోట, బయటి గాలి వీచే తలుపుకు ఎదురుగా పెడితే లీకు ఉన్నా లేనట్లే చూపుతుంది. రొయ్యలను గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజర్లలో మైనస్ 40 డిగ్రీల చలి ఉంటుంది. ఆ చలిని తట్టుకోగలదని తయారీదారు రాసి ఇచ్చిన సెన్సారునే అక్కడ బిగించాలి.

తీగల విషయంలో ఒక చిన్న ఉపాయం తెలుసుకోదగినది. చాలా సెన్సార్లు ప్యానెల్‌కు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు రూపంలో కబురు పంపుతాయి. గాలి శుభ్రంగా ఉంటే 4, గరిష్ఠ మోతాదు ఉంటే 20. శుభ్రమైన గాలికి సున్నా అని ఎందుకు పెట్టలేదు? ఎలుక తీగ కొరికినా, సెన్సారు చచ్చిపోయినా వచ్చేది సున్నా కనుక. సున్నా కనిపించగానే ప్యానెల్ దానిని క్షేమంగా కాక లోపంగా గుర్తిస్తుంది. ఎలుకలకు కొదవలేని గిడ్డంగులలో ఇది చిన్న సంగతి కాదు. ఈ తీగలను మోటార్ల పవర్ కేబుళ్లతో కలిపి ఒకే దారిలో వేయరాదు. ఆర్మర్డ్ షీల్డు కేబుల్ వాడి, వేరే దారిలో తీసుకెళ్లాలి.

ప్యానెల్ ఎక్కడ ఉండాలి?

చాలాచోట్ల కనిపించే తప్పు ఇక్కడే ఉంది. ప్యానెల్‌ను కంప్రెసర్ గది గోడకే బిగిస్తారు. ఆ గదిలోనే లీకైతే దానిని చదివేది ఎవరు? ప్యానెల్ స్థానం గేటు పక్కన ఉన్న వాచ్‌మన్ గది లేదా ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండే మరొక చోటు. కంప్రెసర్ గది తలుపు బయట హారను, తిరిగే ఎర్రదీపం, ఫ్యానును చేతితో ఆన్ చేసే స్విచ్ ఉండాలి. ప్యానెల్ మీద అంకెల బదులు 'మూడో ఛాంబరు, రెండో అంతస్తు' అని తెలుగులో చీటీ అంటించి ఉండాలి. '07 అలారం' అని కనిపిస్తే వాచ్‌మన్ ఏం చేయగలడు? ప్యానెల్‌కు సొంత బ్యాటరీ బ్యాకప్ కూడా అవసరం. లీకులకు కరెంటు కోత అడ్డు కాదు.

హెచ్చరిక స్థాయిలను ఇష్టానుసారం పెట్టుకోకూడదు. అమ్మోనియా శీతలీకరణపై ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ ఐఐఏఆర్ ప్రమాణం కంప్రెసర్ గదికి మూడు మెట్లను సూచించింది. 25 పీపీఎం వద్ద బాధ్యులకు కబురు అందాలి. 150 పీపీఎం వద్ద గది లోపల, బయట హారన్లు మోగి, అత్యవసర ఎగ్జాస్ట్ ఫ్యాను దానంతట అదే తిరగాలి. 40,000 పీపీఎం, అంటే పేలుడు హద్దులో పావు వంతు దాటితే కంప్రెసర్లు, పంపులు, నిప్పురవ్వ పుట్టించగల ఇతర పరికరాలు ఆగిపోవాలి.

ఈ మూడో మెట్టులో ఒక మెలిక ఉంది. కంగారులో ఎవరైనా మెయిన్ స్విచ్ లాగివేస్తే, కంప్రెసరుతో పాటు ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా ఆగిపోతుంది. వాయువు లోపలే పేరుకొని పేలుడు మోతాదుకు చేరుతుంది. కనుక ఫ్యానుకు, ప్యానెల్‌కు విద్యుత్తు వేరే దారిలో రావాలి. ఫ్యాను మోటారు నిప్పురవ్వలు బయటపడని ఫ్లేమ్‌ప్రూఫ్ రకమై ఉండాలి. ద్రవం వెళ్లే గొట్టాలపై ఉన్న సోలినాయిడ్ వాల్వులు విద్యుత్తు పోగానే మూసుకునే రకమై ఉంటే, పగిలిన గొట్టంలోకి కొత్త ద్రవం చేరదు. ఇవన్నీ భవనం కట్టేటపుడే ఎలక్ట్రీషియనుకు చెప్పవలసిన విషయాలు. తరువాత మార్చాలంటే గోడలు పగలగొట్టాలి.

ఛాంబరు లోపల చిక్కుకున్నవారు నొక్కడానికి ఒక వెలిగే బటన్‌ను కూడా ఇదే ప్యానెల్‌కు కలపడం సులభం. తలుపు లోపలి నుంచి తెరుచుకోకపోవడం, దీపాలు ఆరిపోవడం హమాలీల పాత భయాలు. ఒక బటన్, ఒక తీగ ఆ భయాన్ని సగం తీరుస్తాయి.

హారన్‌లో కుక్కిన గుడ్డ

ఈ విలేకరి చూసిన ఒక గిడ్డంగిలో, పేరు ఇక్కడ అప్రస్తుతం, ప్యానెల్ తళతళ మెరుస్తోంది. పచ్చ దీపాలన్నీ వెలుగుతున్నాయి. కంప్రెసర్ గది బయటి హారన్‌లో మాత్రం పాత చొక్కా గుడ్డ కుక్కి ఉంది. కారణం అడిగితే ఆపరేటరు దాచలేదు. ఆయిల్ తీసిన ప్రతిసారీ అది మోగుతోందని, ఛాంబర్లలోని కూలీలు పని వదలి పరుగెత్తుతున్నారని, రెండుసార్లు మేనేజరు చీవాట్లు పెట్టిన మీదట గుడ్డ పెట్టవలసి వచ్చిందని చెప్పాడు. అతడిని తప్పుపట్టడం తేలిక. నిజానికి తప్పు గుడ్డది కాదు. ఆయిల్ తీసే పని ప్రతిసారీ వాయువును గదిలోకి వదులుతోందని ఆ సెన్సారు చెబుతున్న సత్యాన్ని ఎవరూ వినలేదు.

కంప్రెసరులో వాడిన ఆయిల్ అమ్మోనియాతో కలిసి వెళ్లి పాత్రల అడుగున చేరుతుంది. దానిని అప్పుడప్పుడు బయటకు తీయాలి. అమ్మోనియా ప్లాంట్లలో తీవ్ర ప్రమాదాలు ఎక్కువగా ఈ పని సమయంలోనే జరుగుతాయని అనుభవజ్ఞులు చెబుతారు. ఆయిల్ అయిపోగానే దాని వెనుకే ద్రవ అమ్మోనియా ఉరుకుతుంది. వాల్వు తెరిచి పక్క పనికి వెళ్లిన మనిషి తిరిగి రాలేడు. వదిలేసినంతనే స్ప్రింగుతో మూసుకునే వాల్వును ఆయిల్ పాట్‌కు బిగించాలి. ఇద్దరు మనుషులు లేనిదే ఆ పని మొదలుపెట్టరాదు. ప్యానెల్‌లో ఆ గదికి మాత్రమే అరగంట పాటు హారన్ ఆపే సదుపాయం ఉంటుంది. గడువు తీరగానే దానంతట అదే మళ్లీ మేల్కొంటుంది. ఈ చిన్న అమరిక తెలిస్తే గుడ్డ అవసరం రాదు. అమ్మిన కంపెనీ ప్రతినిధి ఈ మీట గురించి చెప్పి వెళ్లాడా లేదా అన్నది వేరే ప్రశ్న.

హారన్ ఉండీ మోగకపోవడం ఎంత ఖరీదైనదో 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు వెంకటాపురం చూసింది. అక్కడ లీకైనది స్టైరీన్, శీతలీకరణ వాయువు కాదు. పన్నెండు మంది మరణించిన ఆ ప్రమాదంపై ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ, కర్మాగారంలో పలుచోట్ల మీటలు ఉన్నా అత్యవసర సైరన్ మోగించలేదని నివేదికలో పేర్కొంది. మోగి ఉంటే నిద్రలో ఉన్న పల్లెకు కొన్ని నిమిషాలైనా దక్కేవి.

రోజువారీ నిర్వహణ

ప్రతి ఉదయం షిఫ్టు మారేటపుడు ప్యానెల్‌లోని అన్ని అంకెలనూ పుస్తకంలో రాసి ఇద్దరు సంతకం చేయడం మొదటి పని. సున్నా రాసి ఉన్న చోట నిజంగానే సున్నానా, లోపమా అని చూడాలి. నెలకొకసారి తెలిసిన మోతాదు గల టెస్ట్ గ్యాస్‌ను ప్రతి సెన్సారుకూ పట్టించి, హారన్ మోగిందా, ఫ్యాను తిరిగిందా అన్నది పరీక్షించాలి. ఆరునెలలకొకసారి కాలిబ్రేషన్, అంటే 50 పీపీఎం గ్యాస్ పట్టిస్తే 50 అనే చూపేలా సరిదిద్దడం. గుడ్డపై అమ్మోనియా ద్రావణం చల్లి సెన్సారు ముందు పెట్టడం పరీక్ష కాదు. దానివల్ల మోతాదు ఎంతో తెలియదు సరికదా, సెన్సారు ఆయువు తరిగిపోతుంది. కొనేటపుడే మూడేళ్ల తరువాత సెన్సార్ల మార్పిడికి ఎంతవుతుందో కొటేషన్‌లో రాయించుకోవాలి. ప్యానెల్ ధరను బేరమాడి తగ్గించుకున్నవారు ఈ ఖర్చు వచ్చినపుడు వెనుకాడడం పరిపాటి.

అలారం మోగినపుడు ఏం చేయాలో కూలీలకు ముందే తెలిసి ఉండాలి. గాలి వీచే దిశకు అడ్డంగా, తరువాత గాలికి ఎదురుగా నడవాలి. దిశ తెలియడానికి మేడపై గాలిసంచి ఎగరేయాలి. తడి తువ్వాలు ముక్కుకు చుట్టుకోవడం బయటపడడానికే పనికివస్తుంది, లోపలికి వెళ్లడానికి కాదు. కళ్లలో పడితే కనీసం పదిహేను నిమిషాలు మంచినీటితో కడగాలి. నేలపై నిలిచిన ద్రవ అమ్మోనియా మడుగుపై నీళ్లు కుమ్మరించరాదు. ఆ వేడికి అది మరింత వేగంగా ఆవిరవుతుంది. గాలిలోని మబ్బుపై నీటిని తుంపరగా చల్లితే మాత్రం వాయువు కరిగి తగ్గుతుంది. శ్వాస సిలిండరు, మాస్కు ఉన్న శిక్షితులే లోపలికి వెళ్లాలి. ఆ సిలిండరు కూడా కంప్రెసర్ గదిలో కాదు, బయట ఉండాలి.

ఆసుపత్రులు, లాడ్జీల సంగతి

పెద్ద ఆసుపత్రులు, షాపింగ్ మాల్‌ల సెల్లార్లలోని చిల్లర్లలో అమ్మోనియాకు బదులు ఆర్-134ఏ వంటి వాయువులు ఉంటాయి. లక్షణాలు పూర్తిగా తలకిందులు. వాసన లేదు, గాలికన్నా బరువు. సెల్లారు నేలపై నీళ్లలా నిలిచి ప్రాణవాయువును పక్కకు నెట్టివేస్తాయి. అందుచేత ఇక్కడ సెన్సారు నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులో, గుంతలు, కాలువల దగ్గర ఉండాలి. ఇన్‌ఫ్రారెడ్ రకం మేలు. గదిలో ప్రాణవాయువు 19.5 శాతానికి తగ్గితే అరిచే మరొక మీటరు కూడా అవసరం.

ఒకే అవుట్‌డోర్ యూనిట్‌తో పలు గదులను చల్లబరిచే వీఆర్ఎఫ్ ఏసీలు ఇప్పుడు జిల్లా కేంద్రాల లాడ్జీలకూ వచ్చాయి. వాటిలో లీకైతే మొత్తం వ్యవస్థలోని వాయువు ఒక్క గదిలోకే రావచ్చు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల మూసిన గదికి ఆర్-410ఏ వాయువు సుమారు 12 కిలోలు దాటితే ప్రమాదకరమని అమెరికా ఇంజినీర్ల సంఘం ఆష్రే ప్రమాణం చెబుతోంది. పెద్ద వ్యవస్థలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. గదిలో సెన్సారు, ఆ గది పైపును మూసే వాల్వు కలిసి ఉంటే చిక్కు తీరుతుంది. కొత్తగా వస్తున్న ఆర్-32 కొద్దిగా మండే గుణం కలది కనుక దానికి ఈ ఏర్పాటు మరింత అవసరం. భవన యజమానికి మరో లాభం కూడా ఉంది. వాయువు తగ్గిన చిల్లరు అదే చల్లదనానికి ఎక్కువ కరెంటు తాగుతుంది. లీకు త్వరగా తెలిస్తే గ్యాస్ నింపే ఖర్చు, కరెంటు బిల్లు రెండూ తగ్గుతాయి.

ఈ ఏర్పాటుకూ హద్దులున్నాయి. థర్మోకోల్ కింద తుప్పు పట్టిన గొట్టాన్ని అది పగలకముందు కనిపెట్టలేదు. ఆ పనికి ఏటా ఇన్సులేషన్ విప్పి గొట్టం మందం కొలవవలసిందే. సీజను ముగిసి ఛాంబర్లు ఖాళీ అయ్యే నెలలే దానికి తగిన సమయం. కొత్త పంట టిక్కీలు లోపలికి చేరకముందే ఆ పని, సెన్సార్ల కాలిబ్రేషన్ ముగించుకోవాలి. సరకు దింపడానికి వచ్చిన రైతు తన రసీదు తీసుకునేటపుడు ప్యానెల్ ఎక్కడుందో, చివరిసారి ఎప్పుడు పరీక్షించారో అడిగితే యజమాని చెప్పగలగాలి. అడిగే హక్కు అతడికి ఉంది.